న్యూవార్క్ ఐరన్‌బౌండ్‌లో అసలు పోర్చుగీస్ భోజనం ఎక్కడ దొరుకుతుంది? నాన్నని తీసుకెళ్లాలి

బందరు_లడ్డూ:

అందరికీ నమస్తే. మేం న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాం, నాలుగేళ్లయింది. మే నెలలో అమ్మా నాన్నా వచ్చారు, ఆగస్టు దాకా ఉంటారు. నాన్నకి ఇక్కడి తిండి ఏదీ సయించట్లేదు, పిజ్జా ఒక ముక్క తిని పక్కన పెట్టేస్తారు, మన ఇండియన్ హోటళ్లుండే ఓక్ ట్రీ రోడ్‌కి తీసుకెళ్తే ఇది ఇంట్లో తినేదేగా అంటారు. ఆయనకి ప్రాణం ఉప్పుచేప. బందర్లో మా ఇంట్లో పప్పుచారు కాచిన రోజు ఉప్పుచేప వేయించకపోతే కంచం ముందు కూర్చునేవారు కాదు. ఇది మాటల్లో మా ఆఫీసులో ఒక పోర్చుగీస్ ఆయనకి చెప్తే ఆయన మొహం వెలిగిపోయింది, మా దేశమంతా ఉప్పుచేప మీదే బతుకుతుంది, మేం బకల్యావ్ అంటాం, మీ నాన్నని న్యూవార్క్‌లో మావాళ్ల పేట ఐరన్‌బౌండ్ తీసుకెళ్లు అన్నాడు. ఏ హోటలో అడిగేలోపే సెలవు మీద వాళ్ల ఊరెళ్లిపోయాడు.

పోయిన శనివారం మేమే వెళ్లాం. ఫెర్రీ స్ట్రీట్ చుట్టూ పార్కింగ్ కోసం నలభై నిమిషాలు తిరిగి, బయట పోర్చుగల్ జెండా కనపడిన చోటికి దూరిపోయాం. లోపల చూస్తే ఇనుప ఊచలకి మాంసం గుచ్చి టేబుల్ టేబుల్‌కీ తిప్పుతూ కోసి పెడుతున్నారు, పక్కన అన్నం, నల్ల చిక్కుడు గింజలు. ఉప్పుచేప అడిగితే ఇవాళ లేదు అన్నారు. నాన్న రెండు కోడి ముక్కలు తిని ఊరుకున్నారు, అమ్మకి శనివారం కాబట్టి ఉత్తి అన్నం, సలాడ్. రుచి బాగానే ఉంది, మనుషులు మర్యాదగానే ఉన్నారు, కానీ మేం వెతుక్కుంటూ వెళ్లింది అది కాదు.

ఆ ఏరియా బాగా తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్. అసలు పోర్చుగీస్ చోటు అని బయట నుంచి ఎలా కనిపెట్టాలి? నాన్నకి పళ్లు కొంచెం ఇబ్బంది, మెత్తగా ఉండేది కావాలి. అమ్మ బీఫ్, పోర్క్ అస్సలు దగ్గరికి రానివ్వదు, అదొకటి గుర్తుపెట్టుకుని చెప్పండి.

హారిసన్_పాతకాపు:

నేను హారిసన్‌లో పదకొండేళ్లు ఉన్నాను తమ్ముడూ, పసాయిక్ నది దాటితే ఐరన్‌బౌండే, వారానికి ఒకసారైనా నడిచి వెళ్లేవాణ్ణి. నువ్వు వెళ్లింది రొడీజియో చోటు, అది బ్రెజిల్ పద్ధతి. జెండా చూసి వెళ్తే అక్కడ ఇలాగే అవుతుంది, ఎందుకంటే రెండు దేశాల భాష ఒకటే, ఒకే వీధిలో వ్యాపారం, చాలా చోట్ల ఓనరు ఒక దేశం, వంటవాళ్లు ఇంకో దేశం.

కొంచెం వెనక్కి వెళ్లి చెప్తాను, అప్పుడు వెతకడం తేలికవుతుంది. ఆ పేటకి చుట్టూ రైలు పట్టాలు, అందుకే ఐరన్‌బౌండ్ అన్నారు, పాతవాళ్లు డౌన్ నెక్ అని కూడా అంటారు. మొదట్లో జర్మన్లు, ఇటాలియన్లు, పోలండ్ వాళ్లు ఉండేవాళ్లు. పోర్చుగీస్ వాళ్లు 1920ల నుంచే ఉన్నారు, వాళ్ల స్పోర్ట్ క్లబ్ పోర్చుగేజ్ 1921లో పెట్టిందే, లూజో అమెరికానో అనే వాళ్ల పేపరు కూడా అక్కడ 1928లో మొదలైంది. అసలు పెద్ద గుంపు వచ్చింది మాత్రం 1965లో అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టం మారిన తర్వాత. అప్పుడు పోర్చుగల్‌లో సలజార్ నియంత పాలన, 1961 నుంచి 1974 దాకా ఆఫ్రికాలో యుద్ధాలు, కుర్రాళ్లని సైన్యంలోకి లాక్కుపోయేవాళ్లు, దాన్నుంచి తప్పించుకుని ఎంతోమంది దేశాలు పట్టిపోయారు. న్యూవార్క్‌కి వచ్చినవాళ్లలో చాలామంది పోర్చుగల్‌లో అవైరు దగ్గర ముర్తోజా అనే ఊరివాళ్లు. ఇది నీకు పనికొచ్చే సంగతి. ఆ ఊరు ఉన్నది సముద్రాన్ని ఆనుకున్న ఉప్పునీటి సరస్సు ఒడ్డున, అదే సరస్సు ఒడ్డున ఇల్యవు అనే ఊరు ఉంది, బకల్యావ్ చేసే కాడ్ చేపల కోసం ఓడలు బయల్దేరిన ఊరు అది. అంటే నువ్వు వెతుకుతున్న ఉప్పుచేప ఆ మనుషులకి ఇంటి తిండి.

1980ల నుంచి బ్రెజిల్ వాళ్లు రావడం మొదలైంది, తర్వాత ఎక్వడార్ వాళ్లు. పాత పోర్చుగీస్ కుటుంబాలు డబ్బులు కూడబెట్టుకుని యూనియన్, ఎలిజబెత్, కియర్నీ వైపు ఇళ్లు కొనుక్కుని వెళ్లిపోయాయి, కానీ ఆదివారం భోజనానికి, బ్రెడ్డుకి, పెళ్లికి, చావుకి ఫెర్రీ స్ట్రీట్‌కే వస్తారు. అందుకే ఆదివారం మధ్యాహ్నం ఒంటి గంటకి వెళ్లు. ముసలాళ్లు, మనవలు, తాతల పక్కన కూర్చుని పెద్ద గొంతుతో మాట్లాడుకునే కుటుంబాలు ఎక్కడ కనిపిస్తే అక్కడ కూర్చో. శనివారం రాత్రి మాత్రం వద్దు, బయట ఊళ్ల జనం ఎక్కువ.

ఇంకొకటి, మెనూ చదువు. జ్యూస్‌కి సుమో లాంటి స్పెల్లింగ్ ఉంటే పోర్చుగల్, సుకో లాగా ఉంటే బ్రెజిల్. ఐస్‌క్రీమ్‌కి జెలాదో అంటే పోర్చుగల్, సొర్వేతె అంటే బ్రెజిల్. నేను ఈ రెండు మాటలతోనే ఎన్నో చోట్ల గుమ్మం దగ్గరే తేల్చుకున్నాను. ఆ తర్వాత బకల్యావ్ ఎన్ని రకాలు ఉన్నాయో లెక్కపెట్టు, ఒక్కటే ఉంటే మొహమాటానికి పెట్టినట్టు, మూడు నాలుగు ఉంటే కూర్చో. చేతిరాతతో ప్రాతు దు దియా, అంటే ఆ రోజు స్పెషల్, ఒక కాగితం మీద పెట్టారా చూడు, అది ఉంటే వంటగది రోజూ వండుతోందని అర్థం.

పేరు అడిగావు కాబట్టి చెప్తున్నా, మాడిసన్ స్ట్రీట్‌లో సీబ్రాస్ మరిష్కైరా. మరిష్కైరా అంటేనే సముద్రపు తిండి దొరికే చోటు. గుల్లలు వెల్లుల్లి, ఆలివ్ నూనె, కొత్తిమీరలో ఉడికించి ఇస్తారు, అమైజ్వష్ ఆ బుల్యావ్ పాతు అంటారు, ఆ రసంలో బ్రెడ్డు ముంచి నాన్నకి పెట్టు. యూరప్‌లో అంత కొత్తిమీర వాడేది వాళ్లే, వాసన తగలగానే నాకైతే ఇల్లు గుర్తొస్తుంది. వెళ్లేముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కో, టైమింగులు మారుతుంటాయి.

ట్రాక్_నంబర్_4:

కారు వదిలెయ్యండి సార్, దయచేసి. ఎడిసన్ స్టేషన్‌లో నార్త్ఈస్ట్ కారిడార్ రైలెక్కితే నేరుగా న్యూవార్క్ పెన్ స్టేషన్, జెర్సీ సిటీ వాళ్లయితే పాత్ రైలు. తూర్పు వైపు తలుపులోంచి బయటకి రండి, పడమర వైపు వెళ్తే డౌన్‌టౌన్‌లో తేలతారు. తూర్పున బయటపడగానే పీటర్ ఫ్రాన్సిస్కో పార్క్ ఉంటుంది, అక్కణ్ణుంచే ఫెర్రీ స్ట్రీట్ మొదలు, పెద్దవాళ్లు కూడా మెల్లగా నడిచేయొచ్చు. ఆ పార్కులో రాతి స్తంభం దగ్గర ఒక నిమిషం ఆగి నాన్నగారికి చెప్పండి, పీటర్ ఫ్రాన్సిస్కో అంటే 1765లో వర్జీనియా రేవులో ఒంటరిగా దొరికిన పిల్లాడు, పోర్చుగల్‌వాళ్ల అజోర్స్ దీవుల వాడని అంటారు, పెద్దయ్యాక ఆరున్నర అడుగుల మనిషై అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడాడు. మా నాన్నగారికి హోటల్ కన్నా ఆ కథే ఎక్కువ నచ్చింది.

ఉప్పాడ_అక్క:

లడ్డూ గారూ, మీ ప్రశ్న చదివి ఊరుకోలేకపోయాను, మాది ఉప్పాడ, నేను ఉప్పుచేప వాసన మధ్య పుట్టినదాన్ని.

ముందు ఒక మాట, నాన్నగారికి ముందే చెప్పి తీసుకెళ్లండి, అది మన ఉప్పుచేపలా ఘాటుగా ఉండదు. మన దగ్గర చేపకి ఉప్పు పట్టించి ఎండలో ఎండబెట్టి అలాగే వేయిస్తాం, ఉప్పు ఉప్పుగానే తింటాం, పప్పుచారులో నంజుకోడానికే కదా. వాళ్లు అలా కాదు, ఎండిన చేపని ఒక రోజు నుంచి రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉప్పంతా లాగేసి, మళ్లీ ఉబ్బి తెల్లగా అయ్యాక వండుతారు. పచ్చిచేపలా ఉండదు, ఎండుచేపలానూ ఉండదు, రేకులు రేకులుగా విడిపోతుంది, నమిలేకొద్దీ ఎండుచేప రుచి లోపలెక్కడో తగులుతుంది. నాకు మొదటిసారి ఇదేంటి చప్పగా అనిపించింది, మూడోసారికి వదల్లేకపోయాను.

విచిత్రం ఏంటంటే ఆ చేప వాళ్ల సముద్రంలో దొరకదు. నార్వే, ఐస్‌లాండ్ వైపు చల్లని నీళ్లలోది. 16వ శతాబ్దం నుంచీ వాళ్లు అట్లాంటిక్ దాటి కెనడా పక్కన న్యూఫౌండ్‌లాండ్ దాకా వెళ్లి పట్టుకొచ్చేవాళ్లు, నెలలు నెలలు ఓడ మీదే, అక్కడ ఒక్కో మనిషి ఒక్కో చిన్న పడవలో దిగి గాలం తాడుతో పట్టి సాయంత్రానికి ఓడ చేరాలి. మంచులో దారి తప్పి తిరిగి రానివాళ్లు ఎంతమందో. 1970ల దాకా అలా చేశారు. మా నాన్న, చిన్నాన్నలు వేటకి వెళ్లి రాత్రి దాటినా రాకపోతే మా అమ్మ ఒడ్డున నిలబడేది, అందుకే ఆ ఓడల సంగతి విన్నప్పుడు నాకు వాళ్లు పరాయివాళ్లు అనిపించలేదు.

ఇక ఏం ఆర్డర్ చెయ్యాలి. పళ్లు ఇబ్బంది అన్నారు కాబట్టి బకల్యావ్ ఆ బ్రాష్ చెప్పండి, చేపని పీచులుగా విడదీసి, అగ్గిపుల్లల్లాంటి సన్న ఆలూ వేపుడు, ఉల్లిపాయ, గుడ్డు కలిపి పొరటులా చేస్తారు, పైన నల్ల ఆలివ్‌లు. మెత్తగా ఉంటుంది, ముళ్లు దాదాపు ఉండవు, అయినా ఒకసారి చూసి పెట్టండి. క్రీమ్‌లో బేక్ చేసింది కూడా మెత్తనే, కానీ మనవాళ్లకి పాలు, చేప కలిపితే ఎక్కదు. ఉడకబెట్టిన ముక్క, పక్కన ఆలూ, శనగలు, ఆకుకూర పెట్టేది ఒకటుంటుంది, అది వాళ్లకి క్రిస్మస్ ముందు రాత్రి భోజనం, మొదటిసారి వెళ్లినవాళ్లకి చప్పిడి పథ్యంలా ఉంటుంది, వద్దు.

ఇప్పుడు జూన్ కదా, నాన్నగారికి కవళ్లు ఇష్టమైతే సార్డీన్లు అడగండి. జూన్ 13 సెయింట్ ఆంథోనీ పండగ, ఆ నెలంతా బొగ్గుల మీద రాళ్ల ఉప్పు చల్లి కాల్చిన కవళ్లు బ్రెడ్డు మీద పెట్టుకుని తింటారు. చేప నూనె బ్రెడ్డులోకి దిగుతుంది, ఆఖర్లో ఆ బ్రెడ్డు తినడమే అసలు సంగతి.

కారం కావాలంటే పిరి పిరి అని అడగాలి, చిన్న సీసాలో నూనెలో వేసిన మిరపకాయలు తెచ్చిస్తారు. వాళ్ల వంటలో కారం తక్కువ. మనకి మిరపకాయ తెచ్చిచ్చినవాళ్లే వాళ్లు, తెచ్చి మన గుంటూరులో వదిలేసి వాళ్లు మాత్రం వెల్లుల్లి దగ్గరే ఆగిపోయారు.

సిద్దిపేట_శాకాహారి:

నేను ప్యూర్ వెజ్, మా ఆయనకు చేపలంటే పానం, అందుకే పోయిన ప్రతిసారి నాకు ఇదే లొల్లి. మీ అమ్మగారి కోసం చెప్తున్న, జాగ్రత్తగ వినుండ్రి.

కాల్దు వెర్ద్ అని పచ్చటి సూప్ ఉంటది, ఆలుగడ్డ మెత్తగ చేసి సన్నగ తరిగిన ఆకు వేస్తరు, చూస్తె మన ఆకుకూర పప్పు లెక్క ఉంటది, అమ్మగారు చూడంగనే ఇది నాదే అంటరు. కానీ అండ్ల షోరీసు అని పోర్క్ ముక్క ఒకటి వేస్తరు, తీసెయ్యమంటె పైన ముక్క తీసి అదే సూప్ తెచ్చిస్తరు. మాకు ఒక చోట గట్లనే అయింది. వండేటప్పుడే దాంతోటి ఉడికించిండ్రా అని అడగాలె. చిక్కుడుగింజల అన్నం గూడ అంతే, మీరు పోయిన చోట నల్ల గింజలు అమ్మగారు తినకపోవుడే మంచిదైంది, వాటిల గూడ పోర్క్ వేసి ఉడికిస్తరు చానా చోట్ల.

ఇంకోటి, సెం కార్న్ అంటే మాంసం లేకుండ అని, కానీ వాళ్లకు చేప మాంసం కాదు! నేను సెం కార్న్ అంటె సలాడ్ మీద ట్యూనా వేసి నవ్వుకుంట తెచ్చిండు పాపం. సెం కార్న్, సెం పైష్ రెండూ చెప్పాలె. నేనైతే తెల్లన్నం, వెల్లుల్లి ఆలివ్ నూనెల వేయించిన ఆకుకూర, వేయించిన ఆలుగడ్డ, ఫ్రెష్ చీజ్, మక్కపిండితోటి చేసే బ్రోవా బ్రెడ్డు, గివి తీసుకుంట. బ్రోవా మన మక్కరొట్టె యాదికి తెస్తది, మంచిగుంటది. కూర్చోంగనే బ్రెడ్డు, ఆలివ్‌లు పెడ్తరు, కొన్ని చోట్ల దానికి గూడ బిల్లు వేస్తరు, అది మోసం కాదు, పోర్చుగల్‌ల పద్ధతే అది.

గుడ్డు తింటరంటె పష్టెల్ ద నాతా, అంటె గుడ్డు కస్టర్డ్ నింపిన చిన్న తీపి పేస్ట్రీ, తినకుండ రావద్దు. టెషైరా బేకరీల వేడివేడిగ దొరుకుతయి. పైన దాల్చినచెక్క పొడి చల్లుకోని తినుండ్రి.

లిస్బన్_టు_కియర్నీ:

నేను రెండేళ్లు లిస్బన్‌లో ప్రాజెక్ట్ మీద ఉండి ఇక్కడికి వచ్చాను. హారిసన్ అన్న చెప్పినవన్నీ నిజమే, కానీ ఒక విషయంలో నాది వేరే మాట. బ్రెజిల్ చోట్లని నకిలీ అన్నట్టు చూడకండి. మన్రో స్ట్రీట్‌లో బ్రజీలియా గ్రిల్‌లాంటివి బ్రెజిల్ భోజనానికి అసలైనవే, పోర్చుగీస్ కోసం వెళ్లి అక్కడ కూర్చుంటేనే ఇబ్బంది. అలాగే ఫెర్రీ స్ట్రీట్‌లో ఫోర్నోస్ ఆఫ్ స్పెయిన్ పేరులోనే ఉంది, అది స్పానిష్.

ఇంకా చెప్పాలంటే న్యూవార్క్ పోర్చుగీస్ వంట న్యూవార్క్‌దే. గ్రీన్ సాస్‌లో రొయ్యలు, గుల్లలు, పీత అన్నీ కలిపి పెద్ద గిన్నెలో తెచ్చే మరిష్కాదా అక్కడ ప్రతి మెనూలో ఉంటుంది, లిస్బన్‌లో నేను ఆ రూపంలో ఎక్కడా తినలేదు. యాభై ఏళ్లుగా పక్క పక్క వీధుల్లో స్పెయిన్ వాళ్లు, పోర్చుగల్ వాళ్లు వండుతుంటే అలా తయారైంది. ఎడిసన్‌లో దొరికే మన బిర్యానీ హైదరాబాద్‌లో దొరకనట్టే, అయినా ఇక్కడ పెరిగిన మన పిల్లలకి అదే ఇంటి బిర్యానీ. కాబట్టి అసలు, నకిలీ అని గీత గీసుకుని వెళ్తే చాలా పోగొట్టుకుంటారు.

ఇక ప్లేట్ల సైజు. ఒకరికని తెచ్చేది ఇద్దరికి సరిపోతుంది. నలుగురు వెళ్తే రెండు మెయిన్లు, ఒక గుల్లల ప్లేటు చాలు.

ఉప్పాడ_అక్క:

లిస్బన్ గారూ ఆ బిర్యానీ మాట నిజం, ఒప్పుకుంటున్నా.

ఇంకొకటి గుర్తొచ్చింది, నాన్నగారికి టేబుల్ దగ్గర కాలక్షేపానికి పనికొస్తుంది. వాళ్ల మాటలు మన ఇళ్లలో ఎన్ని ఉన్నాయో. టేబుల్ మీద పరిచే గుడ్డ తొవాల్య, మన తువ్వాలు అదే. అనానష్ అంటే అనాస పండు. చొక్కా బొత్తాం వాళ్ల బొతావ్, బాల్చీ వాళ్ల బాల్ద్, బీరువాకి మనం అనే అల్మారా, బట్టల ఇస్త్రీ, ఇల్లు కట్టే మేస్త్రీ, అన్నీ ఆ ఓడల్లో దిగినవే. మా పిల్లలకి ఇవి చెప్తే వెయిటర్‌ని పిలిచి మరీ ఒక్కో మాటా అడిగారు, ఆయన వంటగదిలోంచి ఇంకొకాయన్ని పిలుచుకొచ్చాడు.

బందరు_లడ్డూ:

వెళ్లొచ్చాం! ఆదివారం, రైల్లోనే. అందరికీ పేరు పేరునా థాంక్స్, ఒక్కో మాటా పనికొచ్చింది.

పార్కులో ఫ్రాన్సిస్కో కథ చెప్పాను, నాన్న స్తంభం చుట్టూ తిరిగి ఫోటో దిగారు. తర్వాత మాడిసన్ స్ట్రీట్. ఒంటి గంటకి వెళ్తే అరగంట నిలబడ్డాం, కానీ హారిసన్ అన్న చెప్పినట్టే, లోపల మూడు తరాల కుటుంబాలు, ఒక తాత మనవడికి చేప ముళ్లు తీసి పెడుతున్నాడు, నాన్న అది చూసి నా వైపు చూశారు. నా చిన్నప్పుడు ఆయన కూడా అలాగే తీసి పెట్టేవారు.

అమ్మ కోసం సిద్దిపేట గారు చెప్పిన సెం కార్న్ మాట కాగితం మీద రాసి వెయిటర్‌కి చూపించాను, ఆదివారం కాబట్టి చేప తింటుంది, పోర్క్ లేదని రెండుసార్లు అడిగాకే సూప్ ముట్టుకుంది. ఆ చోట విడిగా చేసిచ్చారు. గుల్లల రసంలో బ్రెడ్డు ముంచి ఒక ప్లేటు తనే ఖాళీ చేసింది, కొత్తిమీర ఎంత వేశారో చూడు అని నాలుగుసార్లు అంది.

నాన్నకి బ్రాష్ వచ్చింది. మొదటి ముద్ద తిని ఏం మాట్లాడలేదు. రెండో ముద్దకి, ఇది ఉప్పుచేపే, కానీ స్నానం చేయించారు అన్నారు. పిరి పిరి సీసా అడిగితే తెచ్చారు, సగం సీసా వేసుకుని ప్లేటు మొత్తం తిన్నారు, ఇక్కడికి వచ్చాక బయట ఆయన పూర్తిగా తిన్న మొదటి ప్లేటు అది. కవళ్లు కూడా చెప్పాం, నూనె దిగిన బ్రెడ్డు కోసం ఆయనా నేనూ పోటీ పడ్డాం. అనానష్ అనే మాట మెనూలో నాన్నే కనిపెట్టి వేలు పెట్టి చూపించారు.

వచ్చేటప్పుడు పోర్చుగీస్ సూపర్ మార్కెట్‌లోకి వెళ్తే గోడ పొడవునా పలకల్లా పేర్చిన ఎండు కాడ్ చేపలు. నాన్న అక్కణ్ణుంచి కదల్లేదు. ఒక్కొక్కటి ఎత్తి, వంచి, వాసన చూసి, మందం చూసి చివరికి ఒకటి తీశారు, అక్కడివాళ్లు రంపం మిషన్ మీద ముక్కలు కోసిచ్చారు. రైల్లో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

ఇప్పుడు అది మా వంటింట్లో పెద్ద గిన్నెలో నానుతోంది. పొద్దున్నుంచి నాన్న మూడుసార్లు నీళ్లు మార్చారు, ఉప్పు మొత్తం పోనివ్వకూడదు, కొంచెం ఉంచాలి అని గంట గంటకీ ఒక పీచు తీసి నాలిక మీద పెట్టుకుని చూస్తున్నారు. రేపు వంకాయతో వండుతారట. ఉప్పాడ అక్కా, వంకాయలోకి ముక్క ముందే వేయించాలా, ఉడుకుతున్నప్పుడు వెయ్యాలా?

ఉప్పాడ_అక్క:

ముందు వేయించకండి, ఈ చేప విడిపోతుంది. వంకాయ ముప్పాతిక ఉడికాక ముక్కలు పైన పెట్టి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని కదపండి, చింతపండు చాలా పల్చగా వెయ్యండి, దించే ముందు పచ్చిమిర్చి చీరి వెయ్యండి. నేను రెండుసార్లు చేశాను, మొదటిసారి పులుపు ఎక్కువై చేప రుచే తెలియలేదు. ఎలా కుదిరిందో నాన్నగారినే చెప్పమనండి.